సత్తన్న చేతిలో తాళాలు

మా వాడకట్టులో ఒకామె ఒక తాళాల గుత్తిని భర్త ఆఖరి కోరిక అనుకుని నడుముకు కట్టుకుని తిరిగింది. అది ఆయన కోరిక కాదు. ఆ తాళాలు ఆయన చేతిలో పెట్టింది నేను. ఈ మాట కొన్నేళ్లుగా నా కడుపులో ఉంది. తిన్నది అరగనివ్వదు. నవ్వబోతే నవ్వు మధ్యలో ఆగిపోతుంది. మా ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని మాత్రలు తెచ్చిస్తారు. నేనూ వేసుకుంటాను. ఏమని చెప్పను?

మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. ఊరు జహీరాబాద్ అన్నది మాత్రం మార్చలేదు. ఆ గిర్నిని, అంటే పిండిమరను, ఆ వేడి జొన్నపిండి వాసనను ఇంకో ఊరికి తీసుకుపోయి పెట్టడం నాకు చేతకాలేదు.

ముందు నేను చేసే పని చెప్పాలి. అది తెలియకపోతే నా తప్పు మీకు చిన్నదిగా కనిపిస్తుంది.

నగరంలో ఒక ఆసుపత్రి డాక్టర్లు ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయేవాళ్ల మీద పరిశోధన చేస్తున్నారు. పొద్దున బాగానే తిరిగిన మనిషి మధ్యాహ్నానికి లేకుండా పోతాడు చూడండి, అలాంటి చావులు. కోహీర్, మొగుడంపల్లి, చిరాగ్‌పల్లి, ఈ చుట్టుపక్కల ఎక్కడ అలా జరిగినా దినాలు అయ్యాక నేను ఆ ఇంటికి వెళ్తాను. చాప మీద కూర్చుని అడుగుతాను. బాగుండగా ఆయన్ని ఆఖరున చూసింది ఎవరు? పడినప్పుడు పక్కన ఎవరున్నారు? ఎవరైనా ఏమైనా చేశారా? ఏడుస్తూనే చెప్తారు. నేను విన్నది డాక్టర్లకు చేరవేస్తే అది గుండె ఆగిన చావా, ఇంకొకటా అని వాళ్లు కూర్చుని తేలుస్తారు. చూసినవాళ్లు ఉన్నారా లేరా అన్నది వాళ్లకు చాలా ముఖ్యం. పక్కన మనిషి ఉండి కూడా బతకలేదంటే, ఆ మనిషికి ఏం తెలిసుంటే బతికేవాడు అని ఆలోచిస్తారు. పక్కన ఎవరూ లేరంటే ఆ ఆలోచనే ఉండదు.

దీంతోపాటు ఇంకో పని కూడా ఉంది. రబ్బరు బొమ్మను సంచిలో వేసుకుని బళ్లకు, ఫ్యాక్టరీలకు పోయి, మనిషి కుప్పకూలితే ఛాతీ ఎలా నొక్కాలో చూపిస్తాను. మాకు ఇది నేర్పిన డాక్టరమ్మ ఒక సంగతి పదేపదే చెప్పింది. గుండె ఆగినవాడు మొదట్లో కాళ్లూ చేతులూ కొట్టుకుంటాడు. గురక లాంటి ఊపిరి తీస్తాడు. అది ఊపిరి కాదు. చూసినవాళ్లు ఫిట్స్ అనుకుని చేతిలో ఇనుప తాళాలు పెట్టి కూర్చుంటారు. ఆ కాసేపట్లోనే మనిషి దక్కకుండా పోతాడు.

మా వైపు తాళాలు పెట్టడం ఇంటింటి అలవాటు. చిన్నప్పుడు మా తమ్ముడికి ఫిట్స్ వచ్చేవి. అమ్మ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి బీరువా తాళాలు వాడి గుప్పిట్లో పెట్టేది. వాడు కాసేపటికి లేచి నీళ్లు అడిగేవాడు. తాళాల మహిమే అనుకునేవాళ్లం. అందుకే నేను బళ్లలో దీన్ని నవ్వులాట చేసి చెప్పేదాన్ని. తాళాలు జేబులో పెట్టుకోండి, చేతులు ఛాతీ మీద పెట్టండి అని. పిల్లలకు బాగా నచ్చేది. నేను బొమ్మ సర్దుకుని గేటు దాటుతుంటే వెనక నుంచి అదే మాట అరిచేవాళ్లు.

ఇక సత్తన్న సంగతి.

సత్తన్న మా వాడకట్టులో గిర్ని నడిపేవాడు. భార్య నర్సమ్మక్క. ఒక్కతే బిడ్డ సుజాత, చిరాగ్‌పల్లిలో ఇచ్చారు. సత్తన్నకు జోకు వేయనిదే పిండి పట్టడం రాదు. నా డబ్బా చూస్తే చాలు, మీ ఇంట్ల రొట్టెలు తింటరా, రొట్టెల మీద పంటరా అనేవాడు. వెంట్రుకల మీద, కనుబొమల మీద ఎప్పుడూ పిండే. ఆయన అసలు వయసు ఎంతో నాకు చనిపోయాకే తెలిసింది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. గిర్ని ఆగి వాడకట్టు నిశ్శబ్దంగా ఉంది. పొద్దున ఇచ్చిన జొన్నల పిండి తెచ్చుకుందామని వెళ్లాను. నర్సమ్మక్క అంగడికి పోయింది. సత్తన్న స్టూలు మీద కూర్చుని నన్ను చూసి ఏదో అనబోయాడు. అనలేదు. పక్కకు ఒరిగి, బస్తాల మీద నుంచి జారి, కింద పడ్డాడు. కాళ్లు కొట్టుకున్నాయి. చేతులు వంకరలు పోయాయి. గొంతులో గురక.

నేను గోడ మేకుకు వేలాడుతున్న గిర్ని తాళాల గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టాను.

అది జారి పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. అప్పుడు గుత్తి రింగును ఆయన వేలికి తొడిగి, గుప్పిట మూసి, నా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపు? తెలియదు. గురక ఆగింది. అప్పుడు వాకిట్లోకి వచ్చి అరిచాను. పక్కనున్న వెల్డింగ్ షాపువాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఏమైందని అడిగితే, నేను వచ్చేసరికే పడిపోయి ఉన్నాడన్నాను. ఎవరూ తిరిగి అడగలేదు. ఆటోలో వేసుకుని దవాఖానకు పోయారు. అప్పటికే అయిపోయింది.

చెయ్యి అలవాటు పడిన పని చేసింది, అంతే కదా? కళ్ల ముందు తమ్ముడు మెదిలి ఉంటాడు, కాళ్లూ చేతులూ ఆడలేదు, నేర్చుకున్నది మర్చిపోయాను. చాలాకాలం నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. మీకు కూడా ఇక్కడిదాకా అలాగే చెప్పుకొచ్చాను, గమనించారా?

దినాలు అయ్యాక ఆ ఇంటికి నేనే వెళ్లవలసి వచ్చింది. నా బదులు ఇంకొకరిని పంపమని అడగవచ్చు. అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకని నేనే వెళ్లాను. చాప మీద నర్సమ్మక్క, ఆమె పక్కన సుజాత. పడినప్పుడు పక్కన ఎవరున్నారక్కా అని నా నోటితో నేను అడిగాను.

"ఎవరున్నరు చెల్లె, ఎవరు లేరు. చాయ్ పెట్టు అన్నడు. అంగడికి పోయొచ్చి పెడతనని పోయిన. ఒంటిగ పోయిండు" అంది నర్సమ్మక్క. తర్వాత కొంగు ముడి విప్పి గుత్తి చూపించింది. "గిది సూడు. మేకుకున్నది తీసి ఏలికి తొడుక్కున్నడు. దవాఖానల సబ్బు రాసి తీసిన్రు. గిర్ని బంద్ పెట్టకు అని చెప్పి పోయిండు."

అప్పుడే చెప్పి ఉండాలి. ఒక్క మాట. చెప్పలేదు. ఎవరూ చూడలేదట అని డాక్టర్లకు చేరవేశాను. వాళ్లు నమ్మారు. నమ్మరా మరి? ఆ ప్రాంతంలో వాళ్ల కళ్లు నేనే.

నర్సమ్మక్క గిర్ని నడపడం మొదలుపెట్టింది. అంతకుముందు మర తిప్పే బెల్టు పట్టా మార్చడం కూడా తెలియని మనిషి. పిండి పడక దగ్గు పట్టుకుంది. తర్వాత ఆయాసం. పిండి దగ్గరికి పోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. తనతో వచ్చి ఉండమని సుజాత బతిమాలింది, కోప్పడింది, కొన్నాళ్లు మాట్లాడడం మానేసింది. గిర్ని తీసుకుంటానని ఒకాయన కూడా వచ్చాడు. మా ఆయన తొడుక్కుని పోయిన తాళాలు ఇంకొకరి చేతిలో పెడతనా అని నర్సమ్మక్క ఒప్పుకోలేదు. మా ఇంట్లో రొట్టె చేసిన ప్రతిసారీ నాకు ఆ దగ్గు వినిపించేది. ఇంకో గిర్నికి పోదామనుకున్నాను. పోతే ఆమె ఎందుకని అడుగుతుందని భయం. పోకపోతే ఆమె మొహం చూడాలి. సుజాత ఫోన్ చేస్తే చాలు, తెలిసిపోయిందేమోనని ఎత్తడానికి భయపడేదాన్ని. ఆమె పాపం వాళ్లమ్మకు నచ్చజెప్పమని నన్ను అడగడానికి చేసేది.

బళ్లలో బొమ్మను చూపిస్తూనే ఉన్నాను. తాళాల మాట మాత్రం మానేశాను. నోరు తిరగలేదు. అంటే నా సిగ్గు కోసం ఇంకెంతమంది పిల్లలకు ఆ మాట తెలియకుండా చేశాను? వాళ్లలో ఎవరి ఇంట్లో ఎవరు పడ్డారు? రాత్రిపూటే కాదు, పట్టపగలు బస్సులో కూర్చుని కూడా ఇదే లెక్క. తెగదు.

పోయిన నెల నర్సమ్మక్క గిర్నిలోనే ఊపిరాడక కూలబడింది. ఈసారి జనం ఉన్నారు కాబట్టి బతికింది. దవాఖాన నుంచి వచ్చిన మర్నాడే మళ్లీ గిర్ని తలుపు తీసింది. ఇక ఆగలేకపోయాను. డబ్బా లేకుండా వెళ్లాను.

"అక్కా, ఆ తాళాలు సత్తన్న తొడుక్కోలేదు. నేను తొడిగిన" అన్నాను.

ఆమెకు మొదట అర్థం కాలేదు. నేను మళ్లీ చెప్పాను. నేను వచ్చాకే పడ్డాడని, కొట్టుకుంటుంటే తాళాలు పెట్టానని.

"నువ్వు పక్కకే ఉన్నవా?"

"ఉన్న."

"చెయ్యి పట్టుకున్నవా?"

"పట్టుకున్న అక్కా. రెండు చేతులతోని."

ఆమె నడుముకున్న గుత్తిని తడిమి చూసుకుంది. కొడుతుందనుకున్నాను. వాకిట్లోకి వచ్చి నలుగురినీ పిలుస్తుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"గట్లయితే ఒంటిగ పోలే" అంది. కళ్లు తుడుచుకుంది. "ఫిట్స్ అనుకున్నవ్. మా అమ్మ గూడ గదే చేస్తుండె. నీకు తోచింది నువ్వు చేసినవ్ తల్లీ. జర ముందుగాల చెప్తే అయిపోతుండె గదా, గింత ఫికర్ పెట్టుకున్నవ్." నా తల మీద చెయ్యి వేసింది. తర్వాత నడుముకున్న గుత్తి విప్పి నా చేతిలో పెట్టింది. "జర పట్టుకో, చాయ్ పెడత" అని లోపలికి పోయింది.

ఆ గుత్తి పట్టుకుని, సత్తన్న పడినచోటే బస్తా మీద కూర్చున్నాను. లోపల గిన్నె చప్పుడు. నేను బళ్లలో ఏం నేర్పుతానో నర్సమ్మక్కకు తెలియదు. ఏదో దవాఖాన పని చేస్తానని మాత్రం తెలుసు. ఆమె చాయ్ తెచ్చేలోగా మిగతా సగం కూడా చెప్పేయాలని నోట్లో కూడబలుక్కున్నాను. ఆమె గ్లాసు అందించింది. ఆ మొహం తేటగా ఉంది. ఇన్నేళ్లలో నేను చూడనంత తేటగా. ఆ రోజు సత్తన్న అడిగిన చాయ్ నేను తాగి, తాళాలు ఆమె చేతికిచ్చి వచ్చేశాను.

గిర్నిని వేరేవాళ్లకు ఇచ్చేస్తున్నారు. వచ్చే వారం నర్సమ్మక్క బిడ్డ దగ్గరికి పోతోంది. వాడకట్టులో కనిపించిన వాళ్లందరికీ, మా ఆయన ఒంటిగ పోలేదు, చెల్లె పక్కకుండె అని చెబుతోందట. జనం నన్ను చూసి మెచ్చుకోలుగా తల ఊపుతున్నారు. నాకు ఇల్లు దాటాలంటే భయంగా ఉంది.

ఆ మిగతా సగం ఇది. ఆమెకు చెప్పనిది, మీకు చెబుతున్నాను.

నేను మర్చిపోలేదు. మొదటిసారి తాళాలు జారి పడ్డప్పుడు ఆయన మెడ మీద వేళ్లు పెట్టి చూశాను, నాకు నేర్పినట్టే. నాడి లేదు. అది ఫిట్స్ కాదని నాకు తెలుసు. ఆ గురక ఊపిరి కాదని తెలుసు. చొక్కా గుండీలు విప్పి ఉన్న మగమనిషి, తలుపు దగ్గరగా వేసిన గిర్ని, నేను ఒక్కదాన్నే. ఆయన మీదికి వంగి నొక్కుతుంటే ఎవరైనా వచ్చి చూస్తే? నా చేతుల కింద పోతే, నేనే చంపానంటే? రబ్బరు బొమ్మ ఎవరితోనూ ఏమీ చెప్పదు. తాళాలు పెడితే ఎవరూ ఏమీ అనరు. అవి సత్తన్న కోసం పెట్టినవి కావు. ఎవరైనా లోపలికి వస్తే నేను ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించాలని పెట్టాను. అందుకే జారిపోతుంటే వేలికి తొడిగాను.

నొక్కినా బతికేవాడో కాదో నాకు తెలియదు. డాక్టర్లను అడిగితే వాళ్లూ చెప్పలేరు. కానీ నాకు నొక్కడం వచ్చు, నేను నొక్కలేదు. నా చేతులు రెండూ ఖాళీగా లేకుండా ఆయన గుప్పిట పట్టుకుని కూర్చున్నాను.

నర్సమ్మక్క చిరాగ్‌పల్లి బస్సు ఎక్కేలోగా ఇది కూడా చెప్తానా? చెప్పి ఆ తేట మొహాన్ని చెరిపేసే హక్కు నాకుందా? లేదనుకోవడం కూడా తాళాల్లాంటి ఒక సాకేనా? తేల్చుకోలేకపోతున్నాను. ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.