కంటి చుట్టూ పిండిగట్టు

మా అమ్మ గురించి నేను గొప్పలు పోతానని కాలేజీలో తోటి లెక్చరర్లు మూతి తిప్పుకుంటారు. తిప్పుకోనీ. వాళ్లకు చెప్పుకోవడానికేమీ లేకపోతే నేనేం చేసేది?

నేనుండేది నంద్యాలలో, అమ్మ ఉండేది ఆళ్లగడ్డలో. అమ్మ కళ్లకు నెయ్యి పోస్తుంది. ఈ మాటకు కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు కాబట్టి వివరంగా చెప్పాలి. మినపపిండిని గట్టిగా తడిపి, పడుకున్న మనిషి కంటి చుట్టూ పొలానికి గట్టు వేసినట్టు వేస్తుంది. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కషాయంతో కాచిన ఆవునెయ్యిని వేన్నీళ్ల గిన్నెలో పెట్టి కరిగిస్తుంది. ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకుని, మూసిన కంటి మీద మెల్లగా పోస్తుంది. ఇక ఆ నెయ్యిలోనే కన్ను తెరవాలి, మూయాలి. అంతసేపూ నవ్వకూడదు, మాట్లాడకూడదు. చెంప కదిలిందా, గట్టు తెగి నెయ్యంతా చెవిలోకి పోతుంది. ఆత్మకూరులో వైద్యం చేసిన మా తాత దగ్గర నేర్చుకున్న విద్య ఇది.

ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కేవాళ్లు ఎక్కువ. పొద్దంతా ఉలి మొన మీదే చూపు నిలిపి, కళ్లు ఎండి మండుతున్నాయని వస్తారు. అమ్మ ముందు వాళ్లను వాకిట్లో ఎండకు తిప్పి నిలబెట్టి కంట్లోకి చూస్తుంది. రాతి పలుకు గుచ్చుకున్నా, కన్ను ఎర్రబడి పోటు పెడుతున్నా, కనుపాపలో తెలుపు కనబడినా నెయ్యిగిన్నె ముట్టదు.

"ఇది నా పని గాదప్పా. నంద్యాల బస్సెక్కు."

"అంత దూరం యాడ పోతాంలే అక్కా, నువ్వే పొయ్యి."

"కన్ను పోతే మల్లా నా మీదికి కొట్లాటకొస్తావు. నా ఇల్లు వెతుక్కునేదానికైనా కన్నుండాల గదా!"

నా నోరు ఎవరి పోలికో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

మొన్న ఎండాకాలంలో తన కంట్లోనే తెలుపు వచ్చింది. ఎవరూ చెప్పలేదు. అద్దం పట్టుకుని వాకిట్లో నిలబడి తనే చూసుకుని నాకు ఫోన్ చేసింది. "మే, కుడికంట్లో శుక్లం వచ్చింది. ఆదివారం చర్చి ఉంది, ఇంకో దినం ఆస్పత్రికి తీసుకపో." అంతే. నెయ్యితో శుక్లం కరుగుతుందని ఆమె ఏనాడూ ఎవరికీ చెప్పలేదు, తనకూ చెప్పుకోలేదు.

అమ్మతోనే ఉండే మా తమ్ముడికి మాత్రం పరువు గుర్తొచ్చింది.

"అక్కా, ఊర్లో ఆపరేషన్ అని చెప్పొద్దు. పాములపాడులో పెండ్లికి పోయిందని చెప్తాం. కండ్లు చూసేయమ్మకే కండ్లు పోయినాయంటే ఇంక ఎవరొస్తారు?"

"ఏందిరా, పండ్ల డాక్టరుకు పన్ను పుచ్చదా?"

"నీతో వాదించలేనక్కా."

"వాదించొద్దులే, అమ్మ సంచి మోసుకురా."

వాడు సంచి మోశాడు గానీ వాడి పెళ్లి కథ బస్టాండు దాటలేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అమ్మే "కన్ను ఆపరేషన్‌కు పోతాండా" అని చెప్పుకుంటూ పోయింది. పక్కన నడుస్తున్న నేను తల ఇంకాస్త ఎత్తుకున్నాను.

నంద్యాలలో ఆపరేషన్ బాగా జరిగింది. లోపలి గాయం మానేదాకా తామిచ్చిన చుక్కల మందు తప్ప నీళ్లు కూడా కంట్లో పడకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. అమ్మను ఆళ్లగడ్డకు తీసుకొచ్చిన మర్నాడు పొద్దున్నే పక్కింటి చిన్నమ్మ వచ్చింది. అమ్మ దగ్గర గట్టు వేయడం నేర్చుకున్నది ఆమె ఒక్కతే. ఒక చేతిలో మినపపిండి ముద్ద, ఇంకో చేతిలో నెయ్యిగిన్నె. వెనకాలే అమ్మను చూడ్డానికొచ్చిన చర్చి ఆడవాళ్లు.

"అక్కా, పండుకో. ఊరందరి కండ్లకు నువ్వు పోసినావు. నీకెవరు పోస్తారు? నేనే పోస్తా. కొలిమిగుండ్ల నుంచి ఆవునెయ్యి తెప్పించి కాచినా."

నేను లేచి అడ్డం నిలబడ్డాను. "చిన్నమ్మా, గిన్నె ఆడ పెట్టు. అది కోసిన కన్ను."

"కోసినందుకే మే, చలవ కావాల. మీయమ్మ మందు మీద నీకే నమ్మకం లేదా?"

"నమ్మకం సంగతి గాదు. ఇప్పుడు పోస్తే చీము పడుతుంది."

"ఏందీ, నా చేతితో పోస్తే చీమా?" ఆమె గిన్నె దించలేదు.

వెనకున్న ఆడవాళ్లు నన్ను చూసిన చూపు చెప్పనక్కర్లేదు. మా దగ్గర జబ్బు మనిషికి ప్రేమగా ఏదైనా తెస్తే వద్దనరు. అందులో ఇది అమ్మ స్వయంగా నేర్పిన మందు. అమ్మ మొహమాటానికి తల వంచితే కన్ను పోతుంది, కాదంటే పదిమందిలో తన విద్యను తనే కాదన్నట్టవుతుంది. అమ్మ నల్లద్దాలు తీసి పక్కన పెట్టింది. పోయించుకోబోతోందనుకుని నేను గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇట్ల రా మే," అని చిన్నమ్మను గడప దగ్గరికి పిలిచింది. "పోసే ముందు ఏం జేయమని నేర్పినా నీకు?"

"కంట్లోకి చూడమని."

"చూడు మల్ల."

చిన్నమ్మ గిన్నె కింద పెట్టి, అమ్మ గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది. "ఎర్రగుందక్కా."

"ఎర్రగుంటే ఏమనాల?"

"నంద్యాల బస్సెక్కమనాల."

"ఎక్కొచ్చినా గదా!"

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నవ్వారు. చిన్నమ్మ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. అమ్మ అద్దాలు పెట్టుకుంది.

"మంచి నెయ్యి, చల్లారనియ్యొద్దు," అని నా వైపు చెయ్యి చూపించింది. "దీన్ని పండుకోబెట్టు. పరీక్ష పేపర్లు దిద్ది కండ్లు మండుతాండాయంట. కొంచేపు నోరన్నా మూసుకోనుంటాది."

చిన్నమ్మ ముందు నా కళ్లలోకి కూడా చూసింది, నియమం నియమమే. చాప మీద పడుకున్నాను. "ముక్కు పక్కన ఇంకా ఒత్తు," అమ్మ అజమాయిషీ. నెయ్యి గోరువెచ్చగా కంటి మీదికి వచ్చింది. కన్ను తెరిస్తే పసుపుపచ్చని వెలుగు తప్ప ఏమీ లేదు.

"అక్కా, ఇంత నిమ్మళంగా ఈ ఇల్లు ఎప్పుడన్నా ఉండిందా?" తమ్ముడు దొరికిందే సందని అన్నాడు. నా దగ్గర జవాబుంది, అదీ వాడికి తగిలేది. కానీ చెంప కదపలేదు.

అంతలో వాకిట్లో ఎవరో మగమనిషి గొంతు, రాళ్ల పని నుంచి వచ్చినట్టుంది. "అక్కా, కండ్లు ఒకటే మంట."

"నాది మానేదాకా ఈమె చూస్తాది," అంది అమ్మ.

చిన్నమ్మ అడుగులు వాకిట్లోకి పోయాయి. "ఇట్ల ఎండకు తిరుగప్పా," అంటోంది. అచ్చం అమ్మ గొంతే.