కుక్కను కట్టేసింది నేనే

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డంపడి ఉంది. దాని మీదుగా ఎన్నో జోకులు మింగాను, ఎన్నో జోకులు కక్కాను. ఆ మాట మాత్రం లోపలికి దిగలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లైతే నేను మొదలుపెట్టగానే నవ్వేస్తారు. మా ఊరు రాజోలిలో నేను నోరు తెరిస్తే జనం ముందు నవ్వుతారు, తర్వాత వింటారు. ఆ నవ్వులు చూసుకుని నేనేదో మహా తెలివైనవాణ్ణని ఇన్నాళ్లు మురిసిపోయాను.

ఇది చదివి ‘పాపం, ఎంత కుమిలిపోతున్నాడో’ అనుకుంటారేమో. అనుకోకండి. కుమిలిపోయేవాడు ఇన్నేళ్లు ఇంత లావెక్కడు.

నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. భిన్నాల దగ్గర ఆగిపోయాను. పైన ఒక అంకె, కింద ఒక అంకె, నడుమ ఒక గీత. ఆ గీత దాటలేక మగ్గం గుంటలోకి దిగాను. ఎవరైనా అడిగితే, ‘నేను మానలేదు, బడే నన్ను మానేసింది’ అనేవాణ్ణి. చూశారా? ఓడిపోయిన ప్రతిచోటా ఒక జోకు అతికించుకుని, దాన్నే గెలుపని చెప్పుకుని తిరిగాను. మంది కూడా నమ్మారు. మందికేం, టీ తాగినంతసేపు పొద్దుపోతే చాలు.

మాది గద్వాల చీరల మగ్గం. ఈ చీరకు నడిమి బట్ట నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట అంచు పోగు, నడిమి పోగు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అందుకని గుంటలో ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. పోగును అటూ ఇటూ తోసే నాడెల్లో అంచు నాడె నా భార్యది, నడిమి నాడె నాది. ఆమె లేచిపోతే నా చేయి ఆగిపోతుంది. అయినా ఊరు నన్ను నేతగాడంటుంది, ఆమెను నేతగాడి పెండ్లామంటుంది. ఆ ఏర్పాటు నాకు బాగానే ఉండేది.

ఆమె చిన్నప్పుడు చదివింది ఐదో తరగతి వరకే. మా బిడ్డ బడికి పోవడం మొదలైన ఏడాది, మా వాడలో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ అవుతుందన్న మాట వచ్చింది. పదో తరగతి పాసై ఉండాలన్నారు. ఆమె ఎవరినీ అడగకుండా ఓపెన్ స్కూల్లో చేరింది. ఎవరినీ అంటే నన్ను. ఆదివారాలు అయిజకు పోయి పాఠాలు విని వచ్చేది. వచ్చి వండేది, కండెలు చుట్టేది, గుంటలో దిగేది. నేను ఆదివారాలు టీ కొట్టు దగ్గర ఆమె మీద జోకులు వేసేవాణ్ణి. ఇద్దరం కష్టపడుతున్నట్టే లెక్క.

ఇంట్లో ఒక కుక్క ఉండేది. పిల్లగా ఉన్నప్పుడు నూలు చుట్టిన కండెలు నోట కరుచుకుని పరిగెత్తేదని ఆమె దానికి కండె అనే పేరు పెట్టింది. నా ముందు పుస్తకం తీస్తే నేను ఏదో ఒకటి అనకుండా ఉండను. అందుకని ఇంటి వెనక గోడ నీడలో కూర్చుని ఆ కుక్కకు పాఠాలు చదివి వినిపించేది. మొక్కలు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయో, త్రిభుజానికి ఎన్ని రకాల పేర్లుంటాయో, అన్నీ దానికే. అది చెవులు నిక్కించి, మెడ పక్కకు వంచి వినేది. ‘అలంపురం దాకా ఎతికినా పదో తరగతి చదివే కుక్క మా ఇంట్లనే ఉన్నది’ అని టీ కొట్టు దగ్గర చెప్పాను. అందరూ నవ్వారు. ఇంట్లో మొగుడు వినడు కాబట్టే కుక్క వింటున్నదని ఒక్కడికీ తట్టలేదు. నాకు తట్టింది. తట్టినా ఆ జోకు మళ్లీ మళ్లీ వేశాను.

ఇంకొకటి ఉంది. అది నా జోకులన్నిటిలో పేరు తెచ్చింది. మగ్గంలో పోగులన్నీ దూరి వచ్చే, దువ్వెనలాంటి పనిముట్టును మేం అచ్చు అంటాం. బడిలో అ, ఆ, ఇ, ఈలను అచ్చులంటారు. ఏదైనా మనకు కలిసిరాకపోతే అచ్చిరాలేదంటాం. ఒకరోజు మూడింటినీ కలిపి పేల్చాను: ‘మా ఆమె అచ్చు ఇడిసి అచ్చులు పట్టిందిరో! మగ్గమోళ్లకు ఈ అచ్చే అచ్చొస్తది, ఆ అచ్చులు అచ్చిరావు!’ టీ పోసేవాడు గిన్నె దించి మరీ నవ్వాడు. ఆ మాట వాడంతా తిరిగి ఆమె చెవిన కూడా పడింది. ఆమె కండెలు చుట్టుకుంటూ పోయింది. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను. నా బుద్ధి అంత ఎత్తున ఉండేది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున గుంటలో నేస్తూనే ఆమె తనలో తాను ఒక లెక్క చేసుకుంటోంది. నిష్పత్తుల లెక్క. పుస్తకంలో పాలు, నీళ్లు అని ఉంటే వాటిని నడిమి పోగులు, అంచు పోగులు అనుకుని చేసింది. చేతిలో నాడె ఆగలేదు, జవాబు వచ్చేసింది. నాకు అర్థం కాలేదు. నా మొహం చూసి తెలిసిపోయిందేమో, మెల్లగా మొదటినుంచి చెప్పబోయింది. నాకు! నాకు చెప్పబోయింది! ఆమె గొంతులో ఎగతాళి ఉండి ఉంటే బాగుండేది. ఎగతాళిని తిరగ్గొట్టడం నాకు పుట్టుకతో వచ్చు. ఆమె దగ్గర ఎగతాళి లేదు, ఓపిక ఉంది. దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. ‘అంచు చూడు, పోగు తెగుతది’ అని కసిరాను. పోగు తెగలేదు.

గణితం పరీక్ష గద్వాలలో. మొదటి బస్సు ఎక్కితేనే అందుతుంది. ముందురోజు సాయంత్రం, ‘ఊర్ల కుక్కలకు మందు పెడుతున్నరంట’ అని ఇంట్లో ఒక మాట వదిలాను. ఎవరూ ఏ మందూ పెట్టడం లేదు. తెల్లవారుతుండగా ఆమె స్నానానికి పోయినప్పుడు కండెను పిలిచాను. తోక ఊపుకుంటూ వచ్చింది. తుంగభద్ర ఒడ్డున మా దోస్తు చేను ఉంది, చేనులో మోటరు కొట్టం ఉంది. కుక్కను అందులో కట్టేశాను. తలుపు దగ్గరికి వేశాను. ఇంటికి వచ్చాను. ఇంతే. మూడు చిన్న పనులు. బీడీ వెలిగించుకున్నంత తేలిగ్గా చేశాను.

ఆమె తయారై, కుక్కకు అన్నం పెడదామని పిలిచింది. రాలేదు. వీధిలోకి పోయి పిలిచింది. పక్క వీధికి పోయింది. ‘కండే! ఓ కండే!’ అని ఆమె గొంతు దూరం పోతూ ఉంటే నేను గుంటలో కూర్చుని విన్నాను. మందు మాట ఆమె తలలో తిరుగుతోందని నాకు తెలుసు. పెట్టింది నేనే గదా. బస్సు హారన్ మోగింది. ‘నువ్వు పో, నేను ఎతుకుత’ అని ఒక్క మాట అంటే ఆమె బస్సెక్కేది. ఆ మాట నా నాలుక మీదే ఉంది. నా నోరు మూతపడిందని ఊళ్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేరు. ఆ పొద్దున పడింది.

బస్సు పోయింది. తర్వాత ఆమె ఆటోలో అయిజకు, అక్కడినుంచి ఇంకో బస్సులో గద్వాలకు పోయిందట. గేటు మూసేశారు. ఎండలో కొంతసేపు నిలబడి తిరిగి వచ్చింది. నేను సాయంత్రం కుక్కను తాడు పట్టి తీసుకొచ్చాను. ఆమె గడప మీద కూర్చుని ఉంది. కుక్కను చూడగానే దిగ్గున లేచింది.

“యాడ దొరికిందయ్యా?”

“ఏటి ఒడ్డుకు. తుమ్మల్ల ఇరుక్కున్నది. ఎంత పిలిచినా పలకదు. నీ లెక్కనే మొండిది.”

“పొద్దంత తిరిగినవా?”

“మరి! పెద్ద సదువుల కుక్కనాయె. పోతే మల్ల యాడ తెస్తం?”

ఆమె నవ్వింది. కళ్లు వాచి ఉన్నాయి, అయినా నవ్వింది.

“పరీచ్చ ఏమాయె?” అన్నాను. ఏమాయెనో నాకు తెలియదన్నట్టు.

“గేటు ఏసిండ్రు. పోనియ్యి. నువ్వు దీని కోసం గింత తిరుగుతవని నేను అనుకోలే. కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త.”

కడుక్కున్నాను. తిన్నాను. ఆమె నా కంచంలో రెండోసారి కూర వేసింది. ఆ కూర రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. దొంగతనంగా తిన్న తిండి చాలా తిన్నాను గానీ, వడ్డించి పెడుతుంటే దొంగతనంగా తిన్నది అదొక్కటే.

కండె ఆ రోజునుంచి నా దగ్గరికి రాలేదు. నేను పిలిస్తే ఆమె వెనక్కి పోయేది. ఇంట్లో నన్ను నమ్మనిది అదొక్కటే. ఉన్నవాళ్లలో తెలివైనది కూడా అదే అయి ఉంటుంది. కొన్నేళ్లకు ముసలిదై చచ్చిపోయింది. ఆమె ఏడ్చింది. నాకు, నిజం చెప్తున్నాను, సాక్షి పోయినట్టనిపించింది.

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఉత్త వెధవను. ఇంకా ఉంది. ఆ పరీక్ష మళ్లీ రాయొచ్చు. పాఠాలు చెప్పే సారు ఫోన్ చేసి, “పోయింది ఒక్క లెక్కలేగదమ్మా, వచ్చేసారి రాయి” అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. “ఏమంటవు? రాయనా?” అంది. ఈసారి నేను జోకు వేయలేదు. పెద్దమనిషిలా గొంతు తగ్గించి చెప్పాను: “నేనేమన్న వద్దన్ననా? గాని చూసినవుగదా. నీకు సదువు అచ్చిరాలే.”

ఈ మాట మా ఇళ్లలో ఎంత పని చేస్తుందో చెప్పాలి. ఒక రంగు అంచు నేసిన నెలలో ఇంట్లో కీడు జరిగితే, ఆ రంగు మాకు అచ్చిరాలేదని దాన్ని మళ్లీ మగ్గం మీదికి ఎక్కించం. ఎవరెంత అడిగినా ఎక్కించం. ఎందుకని ఎవరూ వాదించరు. టీ కొట్టు దగ్గర నవ్వు కోసం వాడిన మాటనే ఆ రోజు శాస్త్రం చెప్పినట్టు చెప్పాను. ఆమె తల ఊపింది. పుస్తకాలు కట్టి అటక మీద పెట్టేసింది. పోస్టు, మానవపాడు నుంచి మా వాడకు కోడలిగా వచ్చిన ఇంకొకామెకు పోయింది. నా భార్య మళ్లీ అంచు నాడె పట్టింది. ఎవరింట్లోనైనా మొగుళ్ల మాట వస్తే, ‘మాయన నోరే గట్ల గాని, కుక్క కోసం ఆ పొద్దు ఏరంత తిరిగిండు’ అని చెప్పేది. నేను పక్కనే ఉండి వినేవాణ్ణి. మెచ్చుకుంటుంటే మొహం ఎలా పెట్టాలో కూడా నేర్చుకున్నాను.

ఎందుకు చేశాను? జోకు కోసమే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జోకైతే ఎవరికైనా చెప్పి నవ్వించేవాణ్ణి గదా? ఒక్కడికీ ఎందుకు చెప్పలేదు? తర్వాత, మగ్గం ఆగిపోతుందనే భయం అని చెప్పుకున్నాను. ఇది కొంచెం గౌరవంగా ఉంది, కష్టజీవి మాటలా ఉంది. కానీ అంచుకు కూలిమనిషిని పెట్టుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. నేను ఆ ఇళ్లకు పోయి ఎన్నిసార్లు టీ తాగలేదు?

ఇప్పుడు మా బిడ్డ పదో తరగతి. మొన్న ఒక లెక్క రాక తల్లిని అడిగింది. “నన్నడగకు బిడ్డా, నాకు సదువు అచ్చిరాలే” అంది తల్లి. ఆ పిల్ల పెన్ను మూత పెట్టి, “అయితే నాక్కూడ రాదేమోనే అమ్మా, నీ పోలికే గద నాది” అంది. నవ్వుతూనే అంది. నా బిడ్డ గదా, నవ్వుతూనే అంటుంది.

మరునాడు గుంటలో చెప్పేశాను. “ఆ పొద్దు కుక్కను కట్టేసింది నేనే” అన్నాను. ఆమె ఫక్కున నవ్వింది. “తియ్యి తియ్యి, పొద్దుగాలనే మొదలుపెట్టినవా” అంది. ఇన్నేళ్లు నేను సంపాదించుకున్నది ఇదీ. మళ్లీ చెప్పాను. ఎవరి చేనో చెప్పాను, మోటరు కొట్టం చెప్పాను, ఏ తాడో చెప్పాను, మందు మాట కూడా నాదేనని చెప్పాను. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నాడె ఆమె చేతిలోనే ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఆశపడ్డాను, అంత నీచం.

“ఆ పొద్దు పోయి రాసుంటే నేను పాసయ్యేదాన్నా?” అంది.

“అయ్యేదానివి,” అన్నాను. “అందుకే కట్టేసిన.”

నేను ఈ కారణం చెప్తానని నాకే తెలియదు. ఆమె నాడె కింద పెట్టి, గుంటలోంచి లేచి, లోపలికి పోయింది. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. క్షమిస్తుందా అని మీరు అడగకండి, నేనూ అడగలేదు. ఆ పూట అన్నం నాకు నేనే వడ్డించుకున్నాను. సిగ్గులేని మాటే గానీ దాచను, ఎన్నో ఏళ్లకు కడుపునిండా తిన్నాను.