అంబటాళ్లకు పోయే బస్సు

డెబ్బైల మొదట్లో నేను తెనాలి వైపు నుంచి హైదరాబాదు వచ్చి, రోడ్ల ప్రణాళికలు వేసే ఒక ప్రభుత్వ ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. నా చేతిరాత ముత్యాల్లా ఉందని తీసుకున్నారు. తెలివి గురించి ఎవరూ ఆరా తీయలేదు, బతికిపోయాను.

చేరిన నెలలోనే మా ఆఫీసరు పెద్ద మ్యాపు బల్ల మీద పరిచి, మెహదీపట్నం బజారు వీధి మీద వేలు పెట్టారు. ఆయనది రాజమండ్రి. రిక్షాలు, ఎడ్లబండ్లు, తోపుడుబళ్ల మధ్య బస్సు ఇరుక్కుని ఉసూరుమనే వీధి అది. "ఇక్కడ రోడ్డుకి ఓ పక్కన గీత గీసి, ఆ భాగం బస్సులకే వదిలేద్దామమ్మాయ్. లింగంపల్లి నుంచి ఇక్కడిదాకా అక్కర్లేని స్టాపులు తీసేద్దాం. బస్సు రయ్యిమని రావాలి!" అన్నారు. నాకు ఒళ్లు పులకరించింది. బస్సుకి సొంత దారి! రోజూ ఆ వీధిలో చెమటతో తడిసిపోయే నాకు అంతకన్నా గొప్ప మాట ఇంకేముంటుంది?

ఏ స్టాపు ఉండాలో, ఏది పోవాలో తేల్చే లెక్క నా చేతికొచ్చింది. పొద్దున ఏడింటికల్లా స్టాపు దగ్గర నిలబడి, కనిపించినవాళ్లను ఎక్కడికి వెళ్తారో అడిగి, మనిషికో చీటీ రాయాలి. మా రోడ్డు మీద లేని ఊరికి పోయేవాళ్ల చీటీలు లెక్కలోకి రావు.

ఆ దారిలోని ఖాజాగూడ మలుపు దగ్గర ఒక పొద్దున ఆడవాళ్లు సీతాఫలాలు కోసుకుని గుట్టల మీంచి గంపలతో దిగుతున్నారు. "మీరు బస్సులో ఎక్కడికి వెళ్తారండి?" అని అడిగాను. నా "అండి"కి వాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. ముందున్న పెద్దావిడ, "మేమా? అంబటాళ్లకు పోతం బిడ్డా" అంది. వెనకవాళ్లు కూడా "అంబటాళ్లకే" అన్నారు. ఇరవైకి పైగా చీటీల మీద, "ఎక్కడికి" అన్నచోట, ముత్యాల్లాంటి అక్షరాలతో "అంబటాళ్ల" అని రాసుకుని వచ్చాను.

ఆఫీసరు భూతద్దం పెట్టి నార్సింగి అవతల దాకా వెతికారు. "ఇలాంటి ఊరు మ్యాపులో లేదే!"

"గుట్టల వెనక లోపలి ఊరేమోనండి" అన్నాను. తెలియదు అనడం మా వంశంలోనే లేదు.

"అయితే వీళ్లు మన రోడ్డు వాళ్లు కాదు" అంటూ ఆయన ఖాజాగూడ మలుపుని ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేశారు.

వారం తర్వాత, మ్యాపు పన్నెండింటికి పై ఆఫీసుకి వెళ్లాల్సిన రోజున, రోడ్డు మీద తిరిగే బండ్ల లెక్క ఒకటి మిగిలిపోయి మళ్లీ ఆ మలుపుకే వెళ్లాను. ఈసారి తొమ్మిది దాటింది. ఆ ఆడవాళ్లే గంపలతో మెహదీపట్నం బస్సు కోసం నిలబడి ఉన్నారు.

"ఇదేంటండీ, మీరు అంబటాళ్లకు కదా వెళ్తామన్నారు?" అన్నాను, కాస్త కోపంగానే.

"అవ్ బిడ్డా, ఇదే గద అంబటాళ్ల!" అంది పెద్దావిడ.

నేను చుట్టూ చూశాను. బండలు, చెరువు, రోడ్డు. ఊరు మాత్రం లేదు.

"ఏంది, ఊరనుకున్నవా?" ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పొద్దుగాల పనులు జేస్కొని, అంబలి తాగే యాళ్ల బిడ్డా! యాడికి పోతమో అందరికెర్కే. మెహదీపట్నం గాక యాడికి పోతం? యాళ్లకు బస్సొస్తె సాలు."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అంతలో ఎర్ర పెన్సిలు గుర్తొచ్చింది. "నా తప్పువల్ల మీ స్టాపు తీసేస్తున్నారండి" అన్నాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఈడ ఆగకపోతె గీ గంపలు నెత్తిన పెట్టుకొని ఎంత దూరమని నడుస్తం? ఎండకు మెత్తబడ్డ పండు ఎవలు కొంటరు? జర పోయి జెప్పు బిడ్డా."

గంటకు పైగా ఆలస్యంగా వచ్చిన ఆ బస్సుని వాళ్లతోపాటే ఎక్కాను. తీరా మెహదీపట్నం బజారులో బస్సు ఒక ఎడ్లబండి వెనక చిక్కుకుపోయింది. ముందు రిక్షా, పక్కన తోపుడుబండి. పదకొండున్నర. మేం బాగుచేస్తామన్న వీధే నన్ను పట్టుకుని కూర్చుంది! కోపం పట్టలేక దూకేశాను. "ఉరుకు బిడ్డా, ఉరుకు!" అని కిటికీలోంచి పెద్దావిడ కేక. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ఆఫీసు దాకా పరిగెత్తాను. అంత సంతోషంగా, అంత భయంగా నేను ఎన్నడూ పరిగెత్తలేదు.

ఆఫీసరు మ్యాపు చుట్టి దారం కడుతున్నారు. "అంబటాళ్ల ఊరు కాదండి, వేళ! వాళ్లంతా మన రోడ్డు వాళ్లే!" అని అరిచాను.

"లోపలి ఊరన్నావుగా?"

"అన్నానండి. నాకు తెలియదు. తెలియకుండానే అన్నాను."

ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. ఎర్ర పెన్సిలు చెరగలేదు. దాని మీద తెల్లకాగితం ముక్క అంటించి, "నీ చేత్తోనే స్టాపు పెట్టు" అన్నారు. తొమ్మిదింపావుకి ఒక బస్సు కూడా రాయించారు.

బజారులో బస్సుల కోసం గీసిన గీత మీద నెల తిరక్కుండానే తోపుడుబళ్లు వెలిశాయి. దాని గురించి ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. కానీ కొత్త బస్సు తిరిగే మొదటి రోజు నేను లింగంపల్లిలో ఎక్కి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఖాజాగూడ మలుపులో అది ఆగింది. గంపలన్నీ ఎక్కాయి. కండక్టరు ఎక్కడికని అడిగితే, పెద్దావిడ నావైపు చూసి కన్ను గీటింది.

"అంబటాళ్లకు ఒక టికెటియ్యి బిడ్డా."

కండక్టరు నోరెళ్లబెట్టాడు. అతని మాట తీరు చూస్తే మావైపు మనిషే. ఆ ఊరెక్కడుందో అతనికి నేనే చెప్పాను.