తాతకి పిచ్చని ఎవరన్నారు?

మా తాత ఎంబ్రీ హాచర్‌ను నేను చూడలేదు. టెనెసీ కొండల్లోని మా ఇంట్లో ఆయన పేరెత్తితే చాలు, అమ్మ మొహం గంటు పెట్టుకునేది. "పిచ్చాసుపత్రిలో పోయాడు. పెళ్లాం సమాధి తవ్వినవాడి గురించి ఏం చెప్పమంటావ్?" అనేది. చాలా ఏళ్లు ఆ మాటే నమ్మాను.

అమ్మకు ఎనభై దగ్గరపడ్డాక ఇక ఆగలేక, తాతవాళ్లు బతికిన పాత లోయ మనుషుల కోసం వెతికాను. ఆనకట్ట కట్టి ఆ లోయను ముంచడం అప్పటికే పెద్దవాళ్లై చూసినవాళ్లలో మిగిలింది వెర్నా క్రిస్ప్ ఒక్కతే. నేను వెళ్లేసరికి వసారాలో కూర్చుని బీన్స్ ఒలుస్తోంది.

"మీ తాతకి పిచ్చే నిజమైతే నాకిప్పుడు పదహారేళ్లే!" అంది.

నీళ్లొచ్చేలోపు సమాధులన్నీ గుట్ట మీదికి మారుస్తామని ఆనకట్టవాళ్లు మాటిచ్చారట. తాత వెళ్లి చూస్తే అమ్మమ్మ పేరున్న రాయి గుట్ట మీదే ఉంది. కింద పాత చోట మాత్రం మట్టి కదిలిన జాడే లేదు. అనుమానమొచ్చి పార పట్టుకున్నాడు. శవపేటిక అక్కడే ఉంది. ఆదివారం చర్చిలో లేచి, "రాళ్లు మోశారు, మనుషుల్ని వదిలేశారు!" అని అరిచాడు. ఆ వారంలోనే పోలీసులు పట్టుకుపోయారు. సమాధి తవ్వాడు కదా, పిచ్చి అని రాయడానికి డాక్టరుకు అంతకంటే ఏం కావాలి? ఏడేళ్ల మా అమ్మను వాళ్ల పెద్దమ్మ పెంచింది.

"ఇదంతా మీకెలా తెలుసు మామ్మా?"

వెర్నా చేతులు ఆగిపోయాయి. "ఆ రాళ్లు మోసినవాళ్లలో మా ఆయనొకడు. పని పోతుందని నోరు మూసుకున్నాం."

నాకు ఒళ్లు మండిపోయింది. "చచ్చేదాకా ఆయన ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు! మీరిక్కడ హాయిగా వండుకు తిన్నారు!" అన్నాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాన్నని చూడ్డానికి తీసుకెళ్తామంటే నేనే రానన్నాను," అని మాత్రం అంది, పళ్లు బిగించి.

మే నెలలో, సమాధులకు పూలు పెట్టే రోజున ఊరంతా గుట్ట మీద చేరింది. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే అమ్మ లేచింది.

"ఈ రాయి కింద మా అమ్మ లేదు. మీవాళ్లూ లేరు. అందరూ ఆ నీళ్లడుగునే ఉన్నారు. ఆ మాటన్నందుకే మా నాన్నని పిచ్చోణ్ణి చేశారు."

"కూర్చోండమ్మా, ఎండగా ఉంది," అన్నాడు పాస్టరు.

"ఎండ సంగతి ఎందుకులే. నాకూ పిచ్చంటావా? అను, విందాం!"

వెనక నుంచి వెర్నా, మనవరాలి భుజం ఆసరాగా లేచింది. "ఆమె చెప్పింది నిజం. రాళ్లు మోసింది మా ఆయనే," అంది.

అమ్మ ఆమె వంక చూడను కూడా చూడలేదు. తెచ్చిన పూలు రాయి దగ్గర పెట్టకుండా, నా చెయ్యి పట్టుకుని గుట్ట దిగి నీళ్ల వైపు నడిచింది. తిరిగి చూస్తే కొందరు పూలబుట్టలతో మా వెనకే వస్తున్నారు.