కోటేశ్వరరావు దొంగ కాదు

ఒకే పూటలో ఒక మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టి, ఆ ఎసట్లో నా పరువును ఉడికించుకున్న ఘనుణ్ణి నేను. కోటేశ్వరరావు మీద నేను వేసిన నింద మా మిల్లు దాటి ప్రత్తిపాడు టీకొట్ల దాకా పాకింది. నిజం మాత్రం మా గేటు దగ్గరే ఆగిపోయింది. దాన్ని కాస్త ముందుకు తోద్దామనే ఇది రాస్తున్నాను.

పత్తి మిల్లులో నేను సూపర్‌వైజర్ని. మా ఆఫీసులో ఎవరి పాస్‌వర్డ్ వారిది. కంప్యూటర్‌కీ, వైఫైకీ అదే. ఐదుసార్లు తప్పు కొడితే తాళం పడుతుంది. అది తీయాలంటే హెడ్డాఫీసు మేడమే దిక్కు.

ఆ సోమవారం పొద్దున పాస్‌వర్డ్ మార్చాను. పావుగంటలో తాళం పడింది. బయట పత్తి బేళ్ళ లారీ గేటు పాసు కోసం హారన్ కొడుతోంది. పాసు నా కంప్యూటర్లోంచే రావాలి. మేడంకి ఫోన్ చేశాను.

"మేడం, తాళం పడిందండీ."

"తీశానండి."

టీ తాగి వచ్చేసరికి మళ్ళీ పడింది. నాలుగోసారికి ఆవిడ గొంతు మారింది.

"సార్, మీ పేరు మీద ఎవరో వైఫైకి పాత పాస్‌వర్డే కొడుతున్నారు. మీ ఫోన్లో పాతది సేవ్ అయి ఉందేమో చూడండి."

"ఎప్పుడో మార్చానండీ. నేనంత అమాయకుణ్ణా?"

(మీరు తొందరపడి జవాబు చెప్పకండి.)

పాతది తెలిసినవాడెవడు? పక్క కుర్చీలో కూర్చుని కాటా లెక్క చూసే కోటేశ్వరరావు! టైపు చేసేటప్పుడు ఒక్కో అక్షరం పైకి చదవడం నా అలవాటు. అతనికి రెండు చెవులూ ఉన్నాయి. ఇంకేం, నేరం రుజువైపోయింది.

"ఏమయ్యా, నా పాస్‌వర్డ్ ఎందుకు కొడుతున్నావ్?"

"నా పాస్‌వర్డే మా ఆవిణ్ణడిగి కొడతానండీ. మీదెక్కడ గుర్తుంటుంది?"

గొడవ విని మేనేజర్‌గారు వచ్చారు. "అతనుంటే నేనుండనండీ!" అనేశాను. లారీ హారన్ ఆగటం లేదు. మేనేజర్‌గారికి విసుగెత్తింది.

"కోటేశ్వరరావ్, రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

పాపం, అతని మొహం తడిసిన పత్తిలా ముద్దయిపోయింది. మూలనున్న దేవుడి పటం దగ్గరికి వెళ్ళాడు. "ఒట్టండీ, నేను కాదు," అని పటం మీద చెయ్యి వేయబోయి, ఆగాడు.

"అవునుగానీ సార్, రోజూ ఇక్కడ వినిపించే దేవుడి పాటలు ఇవాళ రాలేదేంటండీ?"

"అదీ నీ పనే!"

అతను పటం వెనక చెయ్యి పెట్టి ఒక ఫోన్ బయటికి తీశాడు. నా పాత ఫోన్. దసరాకి పాటల కోసమని నేనే నా పేరుతో వైఫై కలిపి, ఛార్జర్‌కి తగిలించి, పటం వెనక పెట్టి మర్చిపోయాను. పొద్దుటి నుంచి పాపం అది పాత పాస్‌వర్డే జపిస్తోంది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నాకన్నా నయం. పక్కింటివాణ్ణి జైలుకు పంపలేదు.

లారీ డ్రైవర్ తలుపులోంచి తొంగిచూశాడు. "దొంగ దొరికాడా అండీ?"

"దొరికాడయ్యా," అన్నారు మేనేజర్‌గారు నావైపు చూసి. "మన దగ్గరే సూపర్‌వైజర్‌గా చేస్తున్నాడు. కోటేశ్వరరావ్, నువ్వెళ్ళి నీ పని చూసుకో."

అందరి ముందూ కోటేశ్వరరావు చేతులు పట్టుకుని క్షమించమన్నాను. తర్వాత పటం ముందు నిలబడి ప్రమాణం చేశాను: "స్వామీ, ఇకమీదట పాస్‌వర్డ్ మార్చిన రోజు, నా పేరుతో ఉన్న ప్రతి ఫోన్లోనూ, అది నీదైనా సరే, పాతది తీసి కొత్తది పెట్టందే పచ్చి మంచినీళ్ళు ముట్టను!" మేడంతో తాళం తీయించి, అదే భక్తితో ఆ ఫోన్లో కొత్తది కొట్టాను. పాటలు మొదలయ్యాయి.

కోటేశ్వరరావు నా చెవి దగ్గరికి వచ్చాడు.

"సార్, మళ్ళీ మార్చేయండి."

"ఎందుకయ్యా?"

"పైకి చదివేశారండీ. డ్రైవర్ కూడా విన్నాడు."

రెండో ప్రమాణం మాత్రం నోరు మూసుకుని చేశాను.