ఈగరంగు చీర

1937 ఎండాకాలం. ధర్మవరంలో మా ఇంటి ముందుగదిలోనే నా గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు దించి కూర్చుని, అడుగున తొక్కుడు కర్రలు తొక్కుతూ నేసే మగ్గం అది. మగ్గం మా నాయన వేసింది, నాది. పట్టు మాత్రం సాహుకారుది. ఆయన దారం ఇస్తే చీర నేసి ఆయనకే అప్పజెప్పాలి. మధ్యలో బయటి చీర ఒకటీ అరా నేసుకోవచ్చు, అదీ ఆయన ఊఁ అంటేనే.

బయటివాళ్లు చీర నేయించుకోవడానికి వస్తే నేతగాడు మొదట అడిగే మాట "ఎవరికి?" అని. పెళ్లికూతురికైతే ఒక రంగు, అత్తగారికైతే ఒకటి, ముసలమ్మకైతే ఇంకొకటి. మనిషి ఎవరో తెలిస్తే రంగు మేమే చెప్పేస్తాం. మా నాయన అలాగే అడిగేవాడు, నేనూ అలాగే అడిగేవాణ్ణి.

సుభద్రమ్మ పెనుకొండ నుంచి రైల్లో వచ్చింది. అక్కడ ఆడపిల్లల బడిలో టీచరు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. తెల్లచీర, బోసి నుదురు. సంచిలోంచి అగ్గిపెట్టె తీసి తెరిచింది. లోపల ఒక చచ్చిన ఈగ.

"ఈ రంగులో చీర కావాలి, అన్నా."

నా భార్య నాగమ్మ రాట్నం ఆపి ఫక్కున నవ్వింది. "ఏందక్కా, చిలకలూ నెమళ్లూ అన్నీ అయిపోయినాయా లోకంలో?"

"ఇది చచ్చింది, రంగు దిగిపోయింది. బతికిండేది తడి ఉండే చోట ఉంటాది, చూపిస్తా రాండి" అంటూ ఆమె మా పెరట్లోకే దారి తీసింది. స్నానాల నీళ్లు పారే చోట చిక్కుడు పాదు ఉండేది. ఆ ఆకు మీద ఉంది. వడ్లగింజంత కూడా లేదు. సన్నని పొడుగు కాళ్ల మీద ఒళ్లు పైకెత్తుకుని నిలబడింది. ఒక పక్క నుంచి చూస్తే పచ్చ, కాస్త వంగితే బంగారం, ఇంకాస్త వంగితే రాగి. ఇన్నేళ్లూ అక్కడే మొహం కడుక్కున్నాను, ఒక్కనాడూ చూడలేదు.

"ఇంట్లో తిరిగే ఈగ కాదన్నా ఇది. కంటికి ఆనని పురుగుల్ని పట్టి తింటాది. మొగది ఆడదాని ముందర ఎగురుకుంటా, కాళ్లు ఊపుకుంటా ఆడతాది. నచ్చకపోతే ఆడది పక్క ఆకు మీదికి పోతాది, అంతే. దీని చుట్టాల్లో ఇంకో జాతి ఉండాది. దాంట్లో మొగది పురుగును పట్టి, తన ఒంట్లోంచి తీసిన పట్టుతో చుట్టి ఆడదానికి కానుక ఇస్తాది. కొన్ని కిలాడీలు లోపల ఏమీ పెట్టకుండా ఉత్త మూటే ఇస్తాయి."

"అవి మా సాహుకారు తరపు చుట్టాలు" అన్నాను. ఆమె కూడా నవ్వింది. అప్పుడు అలవాటుగా అడిగేశాను. "బాగుండాది తల్లీ. ఎవురికి చీర?"

"నాకే."

నాగమ్మ నా మొహం చూసింది. ఆ రోజుల్లో భర్త పోయిన మనిషి రంగు పట్టు కట్టడమంటే ఊరి నోట్లో పడడమే.

"పోయింది మా ఆయన, అన్నా" అంది సుభద్రమ్మ. "నా కండ్లు పోలేదు. రంగులు కనిపిస్తానే ఉండాయి."

అగ్గిపెట్టె నా చేతిలోకి తీసుకున్నాను. నేస్తానన్నాను.

సాహుకారు చెవిన పడడానికి ఎంతసేపు! పిలిపించాడు. "ముండమోపికి రంగుచీరారా? ఆ మగ్గం మీద నేసిన పెళ్లిచీర రేపు ఎవురు కొంటారు? నేసినావంటే నా పట్టు ఒక్క పోగు కూడా నీ గడప తొక్కదు." ఉత్త బెదిరింపు కాదది. ఆయన దారం ఆపితే మా పొయ్యి ఆరుతుంది. తెలిసీ ఇంటికొచ్చి మగ్గం దులుపుకున్నాను. పట్టు సుభద్రమ్మే హిందూపురం నుంచి తెచ్చింది.

రంగు ఒక పట్టాన చిక్కలేదు. ముందు కొంచెం దారానికి పచ్చ రంగు వేసి చూపించాను. "ఇది ఆకు రంగు, అన్నా. ఈగది కాదు" అంది. రోషం వచ్చింది. అప్పుడు షాట్ పట్టుకున్నాను. పడుగు, అంటే నిలువు దారం, ఒక రంగు. పేక, అంటే అడ్డదారం, ఇంకో రంగు పెట్టి నేస్తే చీర కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. దాన్నే షాట్ అంటాం. పుల్లకు దారాలు అడ్డంగా, నిలువుగా చుట్టి ఎండలో తిప్పితిప్పి చూశాను. పడుగు నీలం, పేక పసుపు, అంచుకు రాగి రంగు. పచ్చ దారం ఒక్కటీ లేదు, చీర మాత్రం పచ్చగా మెరుస్తుంది.

సగం నేశాక సాహుకారు గడపలోకి వచ్చి నిలబడ్డాడు. వెనక వీధి వీధంతా ఉంది. "కోసి పారేయ్ దాన్ని" అన్నాడు.

పేకదారం మోసే నాడెను నేను ఆపలేదు. "మగ్గం మా నాయనది. పట్టు ఆమెది. చేతులు నావి. మీదేముండాదయ్యా ఇందులో?"

నాగమ్మ పుట్టిల్లు హిందూపురం పక్క, అక్కడి ఆడవాళ్లకు మాట పదును. నోరు ఊరుకోదు. "నిలబడి చూసేదానికి దుడ్లు అడగములే అయ్యా, చూసిపోండి" అంది. వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మొహం కందగడ్డయింది. ఆ పూటే దారం ఆగిపోయింది.

ఆ పెళ్లిళ్ల కాలమంతా నా మగ్గం మీద ఇంకో పట్టుచీర పడలేదు. నూలు తువ్వాళ్లు నేశాను, నాగమ్మ కూలికి రాట్నం తిప్పింది. సంగటీ ఊరిమిండి పచ్చడీ తిన్నాం. కష్టపడ్డాం, నిజమే. తప్పు చేశామని మాత్రం ఒక్క పూటా అనుకోలేదు.

చీర పూర్తయి మగ్గం మీంచి కోసిన రోజు సుభద్రమ్మ వచ్చింది. మగ్గం దిగిన చీర కొంగుకు పసుపు కుంకుమ పెట్టి ఇవ్వడం మా ఇంటి ఆచారం. నాగమ్మ పళ్లెం తెచ్చింది. అంతవరకూ దేనికీ బెదరని సుభద్రమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "నా చీరకు వద్దులే చెల్లీ."

"ఈ ఇంట్లోంచి యా చీరా బొట్టు లేకుండా గడప దాటలేదక్కా" అంది నాగమ్మ. "నీ కోసమని మా ఆచారం మార్చుకోమంటే నేను ఒప్పుకోను." అని కొంగు లాగి పెట్టేసింది. సుభద్రమ్మ కళ్లు తుడుచుకుంది. నేను చీర మడత పెట్టి ఆమె చేతికిచ్చాను.

ఆమె చీర సంచిలో పెట్టుకుని పోతుందనుకున్నాను. లోపలి గదిలో అక్కడికక్కడే కట్టుకుని వచ్చింది. స్టేషనుకు సాహుకారు అంగడి ముందు నుంచే దారి. పట్టపగలు, వీధి నడుమ నడిచింది. అడుగు వేస్తే పచ్చ, తిరిగితే బంగారం. సాహుకారు తిట్టడానికే గద్దె మీంచి లేచాడు. ఎంతైనా పట్టు తెలిసిన కన్ను కదా, ఆమె మలుపు తిరిగేదాకా అది చీర మీదే ఉండిపోయింది. తిట్టడం మరిచిపోయాడు.

తర్వాత నాకు వేరే సాహుకారు దొరికాడు. చాలా ఏళ్లు నేశాను. కానీ ఆ రోజు నుంచి, చీర కోసం వచ్చినవాళ్లను ఎవరికని అడగడం మానేశాను. "ఏ రంగు కావాల తల్లీ?" అంటాను. కొందరు ఆ మాటకు జవాబు చెప్పలేక నిలబడిపోతారు. అంతకుముందు వాళ్లను ఎవరూ అడిగి ఉండరు. నిదానంగా ఆలోచించుకోమని చెప్పి, నాడె పక్కన పెట్టి కూర్చుంటాను.