మిరపకాయల మీద నెట్టిన దగ్గు

మా ఆవిడ ఊపిరితిత్తుల జబ్బును డాక్టరు కంటే ముందు కనిపెట్టింది నేనే. జనగామ నుంచి భూపాలపల్లి దాకా మా చుట్టాల్లో ఈ మాట వినని చెవి లేదు. డాక్టరు నా భుజం తట్టి మెచ్చుకున్నాడని కూడా చెప్పుకున్నాను.

భుజం తట్టిన మాట అబద్ధం.

ఆమెకు పన్నెండేళ్లుగా కీళ్లవాతం. వేళ్లు వంకరపోయాయి, జడ నేనే వేస్తాను. మహబూబాబాద్‌లో రైలెక్కి జనగామలోని కీళ్ల డాక్టరు దగ్గరికి పోయేవాళ్లం. ఒకసారి మా స్టేషన్ వంతెన సగం ఎక్కి ఆమె ఆగిపోయింది.

"మోకాళ్లా?" అన్నాను.

"మోకాళ్లు గాదయ్యా. దమ్మొస్తున్నది."

"బండొస్తున్నది, నడువు."

జనగామలో డాక్టరు ఆమెనే అడిగాడు, దగ్గూ ఆయాసం ఉన్నాయా అని. మా దగ్గర ఆడమనిషిని డాక్టరు అడిగితే జవాబు మొగుడు చెబుతాడు. ఆమె నోరు తెరిచేలోపే అందుకున్నాను: "ఇంట్ల మిరపకాయల తొడిమలు తీస్తున్నం సార్. గా ఘాటుకు దగ్గుతది."

అప్పటికి మా మిరపకాయలు అమ్ముడుపోయి రెండు నెలలైంది.

దగ్గు ఉందంటే, ఇంట్లో పొగ తాగేదెవరని అడుగుతాడు. బీడీ మానేశానని అదే డాక్టరు ముందు అంతకుముందే ఒట్టు పెట్టుకున్నాను. మానలేదు. ఆమె మంచం పక్కనే కూర్చుని తాగేవాణ్ణి. అందుకే నాలుగు నెలలకోసారి చొప్పున మూడుసార్లు పోతే మూడుసార్లూ మిరపకాయలే చెప్పాను.

నాలుగోసారి డాక్టరు నన్ను బయట కూర్చోమన్నాడు. ఆమె వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. వేలికి క్లిప్పు తగిలించి వరండాలో నడిపించాడు. కూర్చున్నప్పుడు బాగానే ఉన్న ఆక్సిజన్ అంకె, నడిచి వచ్చేసరికి పడిపోయింది. స్కానింగ్ అయ్యాక నన్ను లోపలికి పిలిచాడు.

"కీళ్లవాతం ఊపిరితిత్తులకు కూడా వస్తుంది. నొప్పులతో నడక తగ్గించినవాళ్లకు ఆయాసం తొందరగా బయటపడదు. అందుకే ప్రతిసారీ అడిగాను. గట్టిపడిన భాగం మళ్లీ మెత్తబడదు. మిగిలింది కాపాడుకుందాం."

ఆమె నా వైపు చూడలేదు. అదే ఎక్కువ తగిలింది.

మందులు మారాయి. పొద్దున్నే ఊపిరి కసరత్తులు చేస్తుంది, నేను లెక్కపెడతాను. బీడీ కొన్నాళ్లు వీధి చివరికి పోయి తాగాను. ఇప్పుడు అదీ లేదు. ఈ ఒక్కమాట నమ్మండి.

అయినా నోరు ఊరుకోదు. మొన్న భూపాలపల్లిలో బిడ్డ ఇంట్లో వియ్యపురాలి ముందు మళ్లీ మొదలుపెట్టాను: "వంతెన మీదనే నేను కనిపెట్టిన చెల్లెమ్మా..."

మంచం మీద నుంచి మా ఆవిడ మధ్యమధ్య ఊపిరి కూడదీసుకుంటూ అంది:

"అబద్ధం వదినా. వంతెన మీద చెప్పింది నేను. సారు అడిగింది నన్ను. ఏడాదిపొద్దు గీయన నన్ను చెప్పనియ్యలే."